నవ్వే గుడ్లగూబ, మా బాత్‌రూమ్ కప్ప

తొంభైల చివర్లో రాజమండ్రిలో బీయస్సీ చదివేదాన్ని. ఒకరోజు జువాలజీ మాస్టారు, న్యూజిలాండ్‌లో అంతరించిపోయిన నవ్వే గుడ్లగూబ గురించి పాఠం చెప్పారు. దాని కూత ఎవరో పిచ్చిగా నవ్వినట్టుండేదట. ఆ కూత ఇక ఎవరూ వినలేరని చెబుతూ ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నాకూ ఏడుపొచ్చింది.

తర్వాత రికార్డు పని ఇచ్చారు. ఆ గుడ్లగూబనీ, మన చెట్టుకప్పనీ పోల్చి రాయాలి. అదెందుకు పోయింది, ఇదెందుకు మిగిలింది? రాతతో పాటు తలా ఒక చెట్టుకప్పని పట్టి తేవాలి, చంపి ఫార్మాలిన్ సీసాలో పెట్టడానికి. తేకపోతే రికార్డు మీద సంతకం ఉండదు. సంతకం లేకపోతే ప్రాక్టికల్ పరీక్షకి రానివ్వరు.

నేను వెతుక్కోనక్కర్లేదు. ధవళేశ్వరంలో మా బాత్‌రూమ్ గోడకి వానాకాలమంతా ఒకటి అతుక్కుని ఉండేది. మామ్మ స్నానానికి వెళ్తే, "జరగవే, నీళ్లు పడతాయి" అని దానికి చెప్పి మరీ చెంబు ముంచేది. దాన్నే ఆవకాయ సీసాలో వేసి, మూతికి గుడ్డ కట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లాను. దారంతా గాజుకి అతుక్కుని నన్నే చూసింది. కాలేజీ వచ్చేసరికి ఈ పని నా వల్ల కాదని తేలిపోయింది.

"దీన్ని చంపనివ్వనండి," అన్నాను.

మాస్టారు నవ్వారు. "చెట్టుకప్పలకి కరువేంటమ్మా? వాన పడితే ఊరంతా అవే."

ఒళ్లు మండిపోయింది. "ఆ గుడ్లగూబల్ని చంపి మ్యూజియాలకి పట్టుకెళ్లినవాళ్లూ ఇలాగే అనుకునుంటారండి."

"అయితే సంతకం కూడా లేదు," అన్నారాయన.

కప్పని తెచ్చి మళ్లీ గోడ మీదే వదిలేశాను. సంగతి విని మామ్మ, "మంచి పని చేశావే. పరీక్ష పోతే మళ్లీ వస్తుంది," అంది.

వారం పాటు దాన్నే చూస్తూ రికార్డు రాశాను. ఎప్పుడు కూసిందో, ఎక్కడ కూర్చుందో, బల్బు దగ్గర ఏ పురుగుల్ని తిందో అన్నీ రాశాను. ఆఖరి రోజు మాస్టారి బల్ల మీద రికార్డు పక్కన ఆవకాయ సీసా కూడా పెట్టాను, శుభ్రంగా కడిగి, ఖాళీగా. అందరిలాగే చీటీ కూడా అంటించాను: "చెట్టుకప్ప. ధవళేశ్వరం. బతికే ఉంది."

మాస్టారు చీటీ రెండుసార్లు చదివారు. సంతకం పెట్టి, మార్కులు మాత్రం క్లాసులో అందరికన్నా తక్కువ వేశారు. వేస్తే వేశారు. సీసాని బీరువాలో మిగతావాటి వరసలోనే పెట్టారు. ఆ వరసలో చావని కప్ప నాదొక్కటే.