మెటికలు ఆనించి చూసే పిన్ని

కలకత్తా ఖిదిర్‌పూర్‌లో మా పక్కింటి పిన్ని మునిసిపాలిటీ కాలవలు శుభ్రం చేసేది. ఆమె దేన్నీ కంటితో చూసి నమ్మేది కాదు. టీ గ్లాసైనా, జ్వరమొచ్చిన నుదురైనా ముందు వేళ్ళ మెటికలు ఆనించాల్సిందే.

నేను పన్నెండో తరగతి కెమిస్ట్రీ ఒకసారి తప్పాను. వేడిని వదిలే చర్య ఏదో, పీల్చుకునే చర్య ఏదో తారుమారు చేయడంలో మాత్రం ఎన్నడూ పొరపాటు చేయలేదు. ఈసారి కూడా తప్పితే చదువు మానిపించి ఓడరేవు పనికి పంపిస్తానన్నాడు నాన్న.

ఆ సంగతి విన్న పిన్ని, కాలవగట్లకు చల్లడానికి తెచ్చిన రాతిసున్నం గడ్డలు బకెట్‌లో వేసి నీళ్ళు పోసింది. బకెట్ బుసలు కొట్టింది.

"బయట్నుంచి ముట్టుకో. ఏటైంది?"

"కాలుతోంది పిన్నీ."

"ఇది ఇస్తంది." తరవాత, ఎండదెబ్బ తగలకుండా కాలవ పనివాళ్ళకిచ్చే గ్లూకోజ్ పొడి నా అరచేతిలో పోసి నాలుగు చుక్కల నీళ్ళు చల్లింది. చెయ్యి చల్లబడింది. "ఇది నీకాడ్నుంచి లాగీసుకుంతంది. ఈపాటి దానికి రెండేళ్ళ సదువేట్రా?"

ప్రాక్టికల్ పరీక్షలో మాస్టారు నాచేత నీళ్ళలో నవాసాగరం ఉప్పు కలిపించి, వేడి వదిలిందా, పీల్చిందా అని అడిగారు. పుస్తకంలో ఒక్క ముక్కా గుర్తు రాలేదు. బీకరుకు మెటికలు ఆనించాను. చల్లగా ఉంది.

"పీల్చింది సార్."

ఎలా పాసయ్యానో చెబితే పిన్ని గొంతు తగ్గించింది. "ముట్టుకుని సెప్పీసినావా? అది కాపీ కాదేటి?"

కాదని ఎంత చెప్పినా నమ్మలేదు. "సర్లే, ఎవలికీ సెప్పకు" అంది.

ఇప్పుడు కాలేజీలో ఆ కాపీనే ఏటా తరగతి మొత్తానికీ నేర్పి, జీతం తీసుకుంటున్నాను.