దర్జీ మాట

“కొండ దిగొస్తే రానివ్వండి. వచ్చి జాకెట్టు కుట్టమంటుందేమో, మీకు అలవాటేగా, రేపు రమ్మని పంపించేయండి.”

“నీకు నవ్వులాటగా ఉంది. చీలిక నిన్నటి మీద అంగుళమున్నర తెరుచుకుంది.”

“మీ నోట ఇలాంటివి ఎన్ని వినలేదు. నేను ఈ గుమ్మం దాటను. కావాలంటే మీరూ మీ కొండా కాపురం పెట్టుకోండి.”

మెట్ల మీద చెప్పులు విప్పబోతున్న బావమరిదికి నవ్వొచ్చింది. అక్క మాటలకి ఎవరికైనా వస్తుంది. కానీ బావ గొంతు వణకలేదు, పెరగలేదు. ఒకప్పుడు అక్క ఒక్క అరుపు అరిస్తే పెరట్లోకి జారుకునే మనిషి. నవ్వు అక్కడే ఆగిపోయింది.

బావ దర్జీ. కొండని ఆనుకున్న వీధిలో ఇల్లు, ముందుగదే కొట్టు. ముప్పై ఏళ్లపాటు ఎవరినీ కాదన్నది లేదు, చెప్పిన రోజుకి ఇచ్చిందీ లేదు. కత్తెర కూడా పడని గుడ్డ గురించి “గుండీలు మాత్రమే మిగిలాయండీ” అనేవాడు. ఒక పెళ్లికొడుకు చివరికి అన్నగారి పాత సూటుతోనే పెళ్లి కానిచ్చేశాడు.

కొండెక్కడం కూడా తప్పించుకోవడానికే మొదలైంది. పొద్దున్నే వచ్చి తలుపు బాదేవాళ్లకి దొరక్కుండా, తెల్లవారకముందే పైకి పోయేవాడు. అక్కడ అడిగేవాడు లేడు, ఆడాల్సిన అబద్ధమూ లేదు. మొదటి నెలంతా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఊరికే కూర్చున్నాడట. తర్వాత చూడటం మొదలుపెట్టాడు. ఒక పిట్ట గూడు కట్టుకోవడానికి పదకొండు రోజులు పట్టింది. రోజూ వెళ్లి చూశాడు. అది తొందరపడలేదు, ఎవరికీ సంజాయిషీ చెప్పుకోలేదు. ఆ మర్నాడు కిందికొచ్చి, గుడ్డ తెచ్చిన ఒక పెద్దావిడతో, “ఇరవై రోజులు పడుతుందమ్మా. ఆగలేకపోతే వేరే చోట ఇచ్చుకోండి,” అన్నాడు. ఆవిడ గుడ్డ లాక్కుని వెళ్లిపోయింది. అలా సగం మంది పోయారు. ఉన్నవాళ్లకి మాత్రం బట్టలు చెప్పిన రోజున అందాయి. రెండేళ్లుగా అంతే.

ఈ వానాకాలంలో ఊట నీళ్లు ఎర్రబడ్డాయి, వాన పడని రోజున కూడా. పైవరస చెట్లు ఇళ్లవైపు ఒరిగాయి. పిట్టలు ఎటు పోయాయో తెలియదు. తర్వాత కొండ మీద నేల చీలింది. చీలికకి అటొకటి ఇటొకటి మేకులు దిగ్గొట్టి, జనం నడుములు కొలిచే టేపుతోనే రోజూ కొలిచి, కొట్టు తలుపు లోపలివైపు సుద్దముక్కతో రాసుకున్నాడు. పన్నెండు అంకెలు. ప్రతి అంకే ముందుదాని కంటే పెద్దది. వీధిలో చెబితే నవ్వారు. పంచాయతీ ఆఫీసుకి వెళితే అక్కడి గుమాస్తా, ఒకప్పుడు ప్యాంటు కోసం ఏడు నెలలు తిరిగినవాడు, తల ఎత్తకుండా “రేపు రండి” అన్నాడు.

“పద బావా, చూపించు,” అన్నాడు బావమరిది గుమ్మంలోంచే. నమ్మి కాదు, గొడవ ఆగుతుందని.

పైన చీలికలో బావమరిది చెయ్యి పెడితే భుజం దాకా దిగింది. అడుగు తగల్లేదు. లోపల్నుంచి చల్లటి గాలి వేళ్లకి తగిలింది. గభాల్న లాక్కున్నాడు. కాళ్ల కింద ఎక్కడో ఒక వేరు తెగింది, ఎండుకర్ర విరిగినట్టు. కాసేపటికి ఇంకొకటి.

కింద ఇరవై మూడు ఇళ్ల కప్పులు. పడమట నల్లగా కమ్ముకొస్తోంది. అక్క మబ్బుని చూసి డాబా మీద బట్టలు తీసేస్తోంది. మబ్బు మాట నమ్మింది.

“దిగుదాం బావా. అందరికీ చెబుదాం,” అన్నాడు. తన గొంతు తనకే కొత్తగా వినపడింది.

“నేను చెప్పి చూశాను కదరా.” బావ మాత్రం నిదానంగానే ఉన్నాడు. “మీ అక్కని ఏమీ అనకు. ముప్పై ఏళ్లు నా మాటలు వినీ వినీ విసిగిపోయిన మనిషి. నీకు నోటిదురుసని వీధంతా తిట్టుకుంటుంది గానీ, అబద్ధమాడతావని ఎవరూ అనరు. వాన మొదలయ్యేలోగా ఇంటింటికీ వెళ్లు. మీ అక్కతోనే మొదలుపెట్టు. చెయ్యి పెట్టి చూశానని చెప్పు, చూశావు కాబట్టి. నేను చెప్పానని మాత్రం ఎవరితోనూ అనకు.”