గంగన్న సార్ నమ్మని గోడ

మొన్న ఆదిలాబాద్ వెళ్తుంటే బస్సు కిటికీలోంచి పచ్చి పత్తి వాసన గుప్పుమంది. జిన్నింగ్ మిల్లు ముందు బండ్లు ఆగి ఉన్నాయి. ఒకాయన పైన తెల్లగా ఉన్న పత్తిని పక్కకు తోసి, మోచేతి దాకా చెయ్యి దూర్చి లోపల తడి చూస్తున్నాడు. నాకు పరిశోధన నేర్పిన గంగన్న సార్ గుర్తొచ్చారు. ఆయన తండ్రి ఇలాగే మిల్లులో పత్తి చూసేవాడట. ఆ అనుమానం సార్‌కు రక్తంలోనే ఉంది.

కరీంనగర్‌లోని మా ప్రయోగశాలలో పలుచని లోహపు పొరలకు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో ఫొటోలు తీసేవాళ్లం. పొరలో అయస్కాంతత్వం ఒక్కోచోట ఒక్కో దిక్కుకు ఉంటుంది. అలా దిక్కు మారే రెండు చోట్ల మధ్య సరిహద్దునే గోడ అంటాం. ఫోకస్ సరిగ్గా ఉంటే గోడ కనబడదు, కొంచెం తప్పిస్తేనే గీతలా తేలుతుంది. అలాంటి దొంగ వస్తువును మొదట్లో నేనూ నమ్మలేదు.

ఫెలోషిప్ నెలలో ముగుస్తుందనగా నాకొక నిటారైన నల్ల గీత దొరికింది. ఆ ఒక్క ఫొటోతో నా థీసిస్ గట్టెక్కుతుంది. సార్ దాన్ని చూసి, "జర ఆగు బిడ్డా. గా పొర నాకియ్యి" అన్నారు. తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశారు. వారమైనా తిరిగివ్వలేదు. అడిగితే "చూస్తున్న" అనేవారు. నేను లేనప్పుడు తలుపు మూసుకుని మైక్రోస్కోపు ముందు కూర్చుంటున్నారని అటెండర్ చెప్పాడు. నాకు ఒళ్లు మండింది. నా గోడను తన పేరుతో అచ్చు వేయించుకుంటారని తేల్చేసుకుని, డైరెక్టర్‌కు ఫిర్యాదు రాసిచ్చాను.

రెండు రోజులకు సార్ పిలిచారు. బల్ల మీద మూడు ఫొటోలు, పక్కనే డైరెక్టర్ పంపిన నా ఫిర్యాదు. ఫోకస్ ఇటు తప్పించినా, అటు తప్పించినా, సరిగ్గా పెట్టినా గీత నల్లగానే ఉంది. నిజమైన గోడైతే ఒకవైపు నలుపు, రెండోవైపు తెలుపు, మధ్యలో మాయం కావాలి. నేను ఒక్కవైపే తీసి సంబరపడ్డాను.

"గిది గోడ గాదు, పొరల ముడత" అన్నారు. "నేనే తప్పు చూస్తున్ననేమో అని మళ్ల మళ్ల చూసిన. ముందే చెప్తే నువ్వు పరేషాన్ అయితవని చెప్పలే."

నేను మూడు ఫొటోలనూ పక్కపక్కన పెట్టి మళ్లీ చూశాను.

"నన్ను అనుమానించినవ్, దానికి ఫికర్ లేదు. మరి నీ ఫొటోనెందుకు అనుమానించలే?"

క్షమించమని కూడా అడగలేదు, సిగ్గుతో లేచి వచ్చేశాను. థీసిస్ ఏడాది ఆలస్యమైంది. దాని మీద ఆయనే సంతకం పెట్టారు.

ఇప్పుడు నా విద్యార్థులు ఫొటో తెస్తే, రెండోవైపుది ఏదని అడుగుతాను. మనుషుల విషయంలో మాత్రం ఆ పద్ధతి నాకు అబ్బలేదు. సార్ పోయారని ఫోన్ వచ్చినప్పుడు మొదట నాకు తట్టింది, ఆయన కాగితాల్లో ఆ ఫిర్యాదు ఎవరి కంటపడుతుందో అని. ఏడుపు ఆ తర్వాతే వచ్చింది.