పచ్చగుడ్డ కట్టానని చెప్పాను

"రోగం మందుకి లొంగనేదు. మా తమ్ముడు సెయ్యాల్సిందంతా సేసినాడు." మా అక్క ఈనాటికీ అందరితో ఇదే చెబుతుంది. అది నిజం కాదు. ఆ మాట ఆమెకు అందించింది నేనే.

నేను విశాఖపట్నంలో ఒక జన్యు పరీక్షల ల్యాబులో పనిచేసేవాణ్ణి. అక్క భర్త సముద్రం మీద చేపల వేటకు వెళ్ళేవాడు. అతనికి ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలింది. రక్తంలో ఫలానా జన్యుమార్పు ఉంటే మాత్రలు చాలు, లేకపోతే వెంటనే కీమో మొదలుపెట్టాలి అన్నారు డాక్టరు. పరీక్ష మా ల్యాబుకే వచ్చింది.

రక్తం తీసుకోవడానికి నేనే కోటబొమ్మాళిలో రైలు దిగి, ఆటోలో వాళ్ళ ఊరు వెళ్ళాను. బావ అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు. కణితి నుంచి రక్తంలోకి వచ్చే డీఎన్ఏ బహు తక్కువనీ, చదవాలంటే వేల నకళ్ళు తీయాలనీ చెప్పాను. నకలు తీయడంలో ఒక్క తప్పు దొర్లినా దానికీ వందల నకళ్ళు పుడతాయి. అందుకే, ఏ నకలు ఏ అణువుదో తెలిసేలా, ముందుగానే ఒక్కో అణువుకు ఒక్కో గుర్తు తగిలిస్తాం.

బావ నవ్వాడు. "ఇదేటి కొత్తా? నాలుగు పడవల సేపల గంపలూ ఒకే ఆటోలో పోతాయి. ఎక్కించకముందే పడవకో రంగు గుడ్డముక్క కట్టాల. కలిసిపోయినాక కడితే ఏటి లాభం? ఒరే బామ్మర్దీ, నాకు పచ్చగుడ్డ కట్టు. మా పడవది పచ్చే."

"అలాగే బావా" అన్నాను.

ల్యాబులో ఆ గుర్తుల కిట్లు అయిపోయాయి. కొత్తవి రావడానికి రెండు వారాలు పడుతుందన్నారు. అక్క రోజూ ఫోను. "ఏటైందిరా? ఆయాసపడిపోతన్నాడు, సూడలేకపోతన్నాను." ఆగలేక గుర్తులు లేని పాత పద్ధతిలోనే చేసేశాను. మార్పు వందల నకళ్ళలో కనిపించింది. రిపోర్టు కంటే ముందే అక్కకు ఫోను చేసి, మాత్రలు చాలన్నాను. ఆమె ఏడ్చింది. డాక్టరు సందేహించకూడదని, రిపోర్టులో గుర్తులు వాడినట్టు రాశాను.

కిట్లు వచ్చాయి. బావ రక్తం ఇంకా ఫ్రీజరులో ఉంది. మళ్ళీ చేసి చూడలేదు. అప్పటికే అక్క అమ్మవారికి ముర్రాట పసుపునీళ్ళు పోసి, మొక్కు తీర్చుకుని వచ్చింది. ఆయాసం తగ్గినట్టుందని బావ కూడా అన్నాడు.

నాలుగో నెలలో స్కాను తీస్తే జబ్బు కాలేయానికి పాకింది. అప్పుడు ఫ్రీజరులోని రక్తానికి గుర్తులు తగిలించి మళ్ళీ చేశాను. మార్పు ఉన్న నకళ్ళన్నిటికీ ఒకటే గుర్తు, అన్నీ ఒకే అణువు నుంచి తీసినవి. అదే గుర్తున్న మిగతా నకళ్ళలో ఆ మార్పు లేదు. అంటే అది నకలులో దొర్లిన తప్పు. బావకు ఆ మార్పు లేనే లేదు. కీమో తట్టుకునే బలం కూడా అప్పటికి లేదు.

చివరిసారి చూడటానికి వెళ్ళినప్పుడు అడిగాడు. "ఒరే, పచ్చగుడ్డ కట్టినావు గదా?"

"కట్టాను బావా."

"మరింకేటి. నా రాతే బాగోనేదు" అని గోడ వైపు తిరిగాడు.

బావ పోయాక, రోగం మందుకి లొంగలేదనే అక్కతో చెప్పాను. ల్యాబుకూ డాక్టరుకూ మాత్రం జరిగింది చెప్పి ఉద్యోగం మానేశాను. అక్కకు చదువు రాదు. ఇదంతా రాసి, నేనే చదివి వినిపించాలని మొన్న వెళ్ళాను. పక్కింటామె వచ్చి కూర్చుంది. అక్క నా కంచంలో చేపముక్క వేస్తూ ఆమెతో మళ్ళీ అదే మాట చెప్పింది. తలదించుకుని తిన్నాను. కాగితం జేబులోనే తిరిగి వచ్చింది.