తీగకు ఆ చివర

నేను చెప్పిన అబద్ధాల్లోకెల్లా చిన్నది ఇది: "దాంట్లో ఏమీ ఉండదక్కా, ఉత్త తీగ." ఆ ఒక్క ముక్క కోసం నేను పడ్డ భయం, దొంగ దస్తావేజులు పుట్టించినవాళ్ళు కూడా పడి ఉండరు.

అరవైల తొలి సంవత్సరాలు. నాకు ఇరవై ఆరేళ్ళు. వాకాడుకు తూర్పున, సముద్రం ఒడ్డున ఉన్న ఉప్పు కొటారులో గుమాస్తాను. మనుబోలులో మావాళ్ళు వరి పండించేవాళ్ళు. వరి మడులు వదిలేసి ఉప్పు మడుల దగ్గర ఉద్యోగానికి పోతానంటే మా నాయన నన్ను ఎగాదిగా చూసి ఊరుకున్నాడు. ఆ ఉద్యోగం నేనే అడిగి వేయించుకున్నానని ఆయనకు చెప్పలేదు. అడగడానికి కారణం ఉద్యోగం కాదు, నేల.

నాకు హామ్ రేడియో పిచ్చి ఉండేది. సర్కారు పరీక్ష పెట్టి లైసెన్సు ఇస్తుంది. ఆ లైసెన్సుతో ఇంట్లో ట్రాన్స్‌మిటర్ పెట్టుకుని, మోర్సు చుక్కలూ గీతలతో ప్రపంచంలో ఎక్కడున్న మనిషినైనా పలకరించవచ్చు. తెలివైనవాళ్ళు సులువుగా దూరం పోయే పై బ్యాండ్లలో ఆడుకునేవాళ్ళు. నాకు అన్నిటికన్నా దిగువన ఉండే ఎనభై మీటర్ల తరంగాల బ్యాండే కావాలి. అది మొండిది. పగలు నెల్లూరు దాటదు. మనకు తెల్లవారుతూ, పడమటి దేశాల్లో ఇంకా చీకటిగా ఉన్నప్పుడు మాత్రం పది నిమిషాల పాటు తలుపు తెరుచుకున్నట్టు అయిదు వేల మైళ్ళ అవతలికి పోతుంది. సూర్యుడు పైకి రాగానే మూసుకుపోతుంది. ఆ పది నిమిషాలకు రెండు కావాలి: చాలా పొడుగాటి తీగ, దాని కింద ఉప్పునీళ్ళతో నానిన నేల. నేల పొడిగా ఉంటే తరంగాన్ని తాగేస్తుంది. మా కొటారు చుట్టూ పొడి నేల అన్నదే లేదు.

తీగ రెండు వందల అడుగుల పైచిలుకు. ఒక చివర నా గది కిటికీ. అక్కడి నుంచి పొడుగాటి సరుగుడు వాసం మీదికి ఎక్కి, ఉప్పు కుప్ప మీదుగా వాలుతూ, కాలవ గట్టున తూము దగ్గరి గుడిసె దాకా పోతుంది. ఆ గుడిసెలో ఇద్దరే ఉండేవాళ్ళు. పోటు వచ్చినప్పుడు తూము తలుపెత్తి సముద్రపు నీళ్ళను మడుల్లోకి వదిలే అన్న, మడుల్లో ఉప్పు లాగే అతని భార్య. ఆమెను అక్కా అనేవాణ్ణి. నాకన్నా పదిహేనేళ్ళు పెద్ద. రోజూ పొద్దున్నే నా కుండలో మంచినీళ్ళు పోసి పోయేది.

తీగ చివరి గుంజ వాళ్ళ గుడిసె పక్కనే నాటాలి. అడగడానికి పోయాను.

"అందులో కరెంటు ఉంటాదా నాయనా?" అని అడిగింది అక్క. "గూడూరులో కరెంటు తీగ మీద వాలి కాకి చచ్చి పడింది. నేను చూసినాను."

అప్పుడు చెప్పాను ఆ ముక్క. అన్న తల ఊపాడు. "చదువుకున్నాయన చెప్తుండాడు గదా," అంది అక్క. ఆ సాయంత్రమే ఇద్దరూ కలిసి గుంజ పాతిపెట్టారు.

నిజం ఏమిటంటే, నేను మోర్సు కీ నొక్కినప్పుడల్లా ఆ తీగ మొత్తంలో అన్నిటికన్నా ప్రమాదమైన చోటు వాళ్ళ గుడిసె పక్కనున్న ఆ చివరే. నా దగ్గర ముట్టుకున్నా పెద్దగా ఏం కాదు. అక్కడ ముట్టుకుంటే కాలుస్తుంది. అంతకన్నా భయంకరమైనది ఇంకొకటి ఉంది. నా ట్రాన్స్‌మిటర్ మద్రాసులో కొన్న పాత మిలిటరీ సామాన్లతో కట్టింది. లారీ బ్యాటరీతో తిరిగే డైనమోటర్ అందులోకి అయిదు వందల ఓల్టులు పంపేది. ఆ ఓల్టులు తీగ మీదికి ఎక్కకుండా ఆపేది అగ్గిపెట్టె అంత కండెన్సర్ ఒక్కటే. అది పగిలితే ఆ చివర ముట్టుకున్న మనిషి బతకడు. పగిలినా ప్రాణం కాపాడడానికి చోక్ అనే తీగచుట్ట ఒకటి పెట్టాలని పుస్తకాల్లో ఉంది. నాకు దొరకలేదు. దొరికాక పెడదాం, పెట్టాక నిజం చెబుదాం అనుకున్నాను. ఒప్పుకోరేమోనన్న భయం కొద్దీ రెండూ వాయిదా వేశాను.

గుంజ ఎత్తుగానే ఉంది, మనిషి చెయ్యెత్తినా తీగ అందదు. అయినా రోజూ తెల్లవారుజామున కీ మీద వేలు పెట్టేసరికి ఆ చివరే గుర్తొచ్చేది. తాటాకులు కప్పిన ఉప్పు కుప్ప అడ్డం ఉండడంతో ఆ చివర నాకు కనిపించదు. ఎవరైనా నిచ్చెన వేసుకుని ఎక్కారా, బట్టలు ఆరేశారా, నాకు తెలిసే దారి ఒక్కటే. తీగ మొదట్లో ఒక మీటరు పెట్టుకున్నాను. అటు ఏదైనా తగిలితే దాని సూది పడిపోతుంది.

మొదటిసారి సూది దిగినప్పుడు చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. ఎవరూ లేరు. తీగను గుంజకు తగలకుండా కట్టిన పింగాణీ గుడ్డు మీద ఉప్పు పేరుకుని, మంచుకు తడిసింది, అంతే. గుడ్డతో తుడిచాను. రెండోసారీ ఉప్పే. మూడోసారీ ఉప్పే. నాలుగోసారి నుంచి కుర్చీలోంచి లేవడం మానేశాను. సూది దిగితే "ఉప్పు" అనుకునేవాణ్ణి. ఉప్పు కొటారు గుమాస్తాకు ఏ తప్పునైనా ఉప్పు మీదికి తోసేయడం సులువే కదా.

ఆ చలికాలమంతా ఉత్తర ఐరోపాలోని ఒక మంచు దేశం నుంచి ఒకాయన వినిపించేవాడు. నిదానమైన చెయ్యి. ముసలాయన అయి ఉంటాడనుకునేవాణ్ణి. రెండు నెలలు రోజూ పిలిచాను. నేను ఆయనకు వినపడలేదు.

మాఘ పౌర్ణమి మర్నాడు తెల్లవారుజామున వినపడ్డాను. చెవులకు పెట్టుకున్న ఫోన్లలో లైసెన్సుతో నాకిచ్చిన సంకేతాక్షరాలు ఒక్కొక్కటే, ఆయన నిదానమైన చేతిలో, వచ్చాయి. ఒళ్ళు ఝల్లుమంది. ఇక నేను చేయవలసింది కొంచెమే. ఆయన ఎలా వినిపిస్తున్నాడో చెప్పాలి, నా ఊరు చెప్పాలి, అందిందని ఆయన నోట వినాలి. అప్పుడే అది లెక్కలోకి వస్తుంది. రెండు నిమిషాల పని. తూర్పు అప్పటికే తెల్లబడుతోంది.

రెండో మాట పంపుతుండగా సూది పడిపోయింది. సగానికి.

ఉప్పు అయితే సూది మెల్లగా జారుతుంది. ఇది ఒక్కసారిగా పడింది. అది ఉప్పు కాదని నాకు ఆ క్షణంలోనే తెలుసు. ఈ మాట రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. చెయ్యి మాత్రం ఆగలేదు. "ఉప్పు, ఉప్పు" అని పైకే అనుకుంటూ పంపాను. రిపోర్టు రెండుసార్లు, ఊరి పేరు రెండుసార్లు. సూది ఊగుతూ, లేస్తూ, మళ్ళీ పడుతూ ఉంది. మొత్తం ఒక నిమిషం పైనే. ఆ తర్వాత ఆయన అందిందన్నాడు. ధన్యవాదాలు చెబుతుండగానే వెలుగు వచ్చి ఆయన్ను మింగేసింది.

డైనమోటర్ ఆపి పరుగెత్తాను. గట్టు మీద రెండుసార్లు జారి పడ్డాను. కండెన్సర్ పగిలిందా? పగిలితే అక్కడ ఏం చూడబోతున్నాను? ఉప్పు కుప్ప దగ్గర ఆగిపోయాను. అక్కడ నిలబడి ఒక్క క్షణం వెనక్కి పోదామనుకున్నాను కూడా.

పౌర్ణమి పోటుకు గట్టు కోసుకుపోయి, గుంజ కాలవ మీదికి ఒరిగిపోయి ఉంది. అన్న తూము దగ్గర నీళ్ళతో తంటాలు పడుతున్నాడు. అక్క మోకాలి లోతు ఉప్పునీళ్ళలో నిలబడి, కొంగు చేతికి చుట్టుకుని, నా తీగను తల పైకి ఎత్తి పట్టుకుని ఉంది. బతికే ఉంది.

"వచ్చినావా నాయనా! పట్టుకో, పట్టుకో. చెయ్యి గుంజతా ఉండాది," అంది.

తీగ అందుకున్నాను.

"నీ తీగ నీళ్ళల్లో పడిపోతాదని పట్టుకున్నా. ఏందయ్యా ఇది, ఇందాకటి దాకా కరస్తా ఉండింది? పొడుగ్గా ఒకసారి, పొట్టిగా ఒకసారి. కరస్తాది, వదలతాది, మళ్ళీ కరస్తాది."

నేను పంపిన ప్రతి అక్షరం ముందు ఆమె చేతిలో పడింది.

"మరి వదిలెయ్యక ఎందుకు పట్టుకున్నావక్కా?" అన్నాను.

"రెండు నెల్ల నుంచి నువ్వు దాంతో పడే తంటా చూస్తుండాం గదా. నువ్వు వచ్చి అందుకునేదాకా నీళ్ళల్లో పడనీగూడదని."

కొంగుకు రెండు చోట్ల బొక్కలు పడ్డాయి, అంచులు నల్లగా ఉన్నాయి. అరచేతిలో, వేళ్ళ మొదట్లో, బియ్యపు గింజలంత మూడు తెల్లని మచ్చలు. ఏమిటిదని అడిగింది.

"ఉప్పు తేమక్కా. మంచులో తీగకు ఉప్పు పడితే అట్టా గిచ్చినట్టు ఉంటాది." ఇది రెండో అబద్ధం. మొదటిదాని కన్నా త్వరగా వచ్చింది నోట్లోంచి.

నెలల తర్వాత ఆ మంచు దేశం నుంచి, మాట కలిసినందుకు గుర్తుగా పంపే కార్డు వచ్చింది. నా సంకేతం మధ్యలో బాగా బలహీనపడిందనీ, అయినా ఒక్క అక్షరం కూడా పోలేదనీ రాశాడు. ఆ కార్డు గోడకు పెట్టలేదు.

ఆ పొద్దున్నే కండెన్సర్ విప్పి చూశాను. బాగానే ఉంది. తీగ ఊడదీశాను. అక్క మాత్రం ఆ రోజు కూడా మడుల్లోకి దిగింది. మూడో రోజుకు మచ్చలు నల్లబడ్డాయి. అయిదో రోజుకు అరచెయ్యి ఉబ్బి, వేళ్ళు ముడుచుకోవడం లేదు. అన్న పసుపూ ఆముదమూ వేసి కట్టాడు. "తేలు కుట్టిందేమోనంటే వినదు. తీగ కరిసిందంటాది," అని నా ముందే నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఉప్పు లాగేవాళ్ళకు పుండు పడితే మానదు, ఉప్పునీళ్ళు మాననివ్వవు. ఆ చెయ్యి పోతే ఆమెకు మడుల్లో పని లేదు, ఇంకెక్కడా లేదు. కొటారులో చెయ్యి తీసేసిన మనిషిని నేనొకణ్ణి చూశాను. రోజూ అతని మోడు చెయ్యే కళ్ళ ముందు ఆడేది.

సిగ్గు లేకుండా ఇంకొకటి కూడా చెప్పుకోవాలి. నాకు ముందు పట్టుకున్న భయం ఆమె చేతి గురించి కాదు, నా లైసెన్సు గురించి. చేతి గురించి భయం రెండో రోజు పట్టుకుంది.

ఆరో రోజు ఎడ్లబండి మాట్లాడి ఆమెను వైద్యుడి దగ్గరికి తీసుకుపోయాను. పెద్దాయన. కట్టు విప్పి చాలాసేపు చూశాడు.

"ఇది దేంతో కాలింది?"

"ఉప్పు తీగ సామీ," అంది అక్క.

"ఉప్పుతో ఇట్టా కాలదమ్మా. పైన చిన్నది, లోపల పెద్దది. దేంతో కాలిందో తెలియకుండా ఎంత లోతు కొయ్యాలో నాకెట్టా తెలుస్తుంది?"

అక్క నా వైపు తిరిగింది. నేను చెబుతానని. ఇంతకుముందు చెప్పినట్టే ఇప్పుడూ చెబుతానని.

గోడ వైపు చూస్తూ చెప్పాను. కరెంటే. మామూలు కరెంటు కాదు గానీ కాలుస్తుంది. ఉంటుందని నాకు మొదటి రోజు నుంచీ తెలుసు. ఆ రోజు సూది పడినప్పుడు కూడా తెలుసు, ఆపలేదు. అంతా చెప్పాను. ఆయన కత్తి తీసుకున్నాడు. ఆమె అరవలేదు, కళ్ళు గట్టిగా మూసుకుంది. నెల రోజులు ఉప్పునీళ్ళు తగలకూడదన్నాడు. చెయ్యి దక్కుతుంది, ఉంగరం వేలు మాత్రం పూర్తిగా ముడుచుకోదన్నాడు.

తిరుగు దారిలో ఆమె నాకు ఎడంగా జరిగింది. కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని మడుల వైపు చూస్తూ కూర్చుంది. తిడుతుందేమో, అన్నతో చెబుతుందేమో, కొటారు యజమాని దగ్గరికి పోతుందేమో. ఒక్కొక్కటీ ఊహించుకుంటూ బండి కుదుపులకు పళ్ళు బిగించుకుని కూర్చున్నాను. ఏదో ఒకటి అనేస్తే బాగుండునని కూడా అనిపించింది.

గుడిసె ముందు బండి ఆగింది. దిగబోతుంటే చెయ్యి అందించాను. నా చెయ్యి పట్టుకోలేదు. తనే దిగి, గుమ్మం దాకా పోయి, ఆగింది.

"కరెంటు ఉండాదని ముందే చెప్పుంటే, ఎండుకట్టె పెట్టి ఎత్తి పట్టుకుండేదాన్ని గదా నాయనా," అంది.