గ్రామీణాభివృద్ధి అనే తేలిక పేపరు

ఆ సంవత్సరం "ఏదో ఒక తేలిక సబ్జెక్టు పెట్టుకుని పాసైపోరాదూ" అని నాకు సలహా ఇవ్వని మనిషి లేడు. ఇంట్లోవాళ్లు ఇచ్చారు, ఆఫీసులోవాళ్లు ఇచ్చారు, ఒకరోజు లిఫ్టులో కలిసిన పై అంతస్తు ఆవిడ కూడా ఇచ్చింది. తేలిక అన్న మాట వింటేనే నాకు ఒళ్లు మండేది. ఎవరికయ్యా తేలిక? ప్రగతి నగర్‌లో వంట ముగించుకుని, ఆ ట్రాఫిక్‌లో పడి గచ్చిబౌలి ఆఫీసుకు చేరేసరికే తల ప్రాణం తోకకొచ్చేది. సాయంత్రం మళ్లీ అదే వరస. మధ్యలో చదువు, అదీ నలభై దాటాక.

నేను పనిచేసేది ఒక ఐటీ కంపెనీ ట్రాన్స్‌పోర్ట్ డెస్కులో. సాఫ్ట్‌వేర్ పిల్లల్ని ఇళ్ల నుంచి ఆఫీసుకూ, ఆఫీసు నుంచి ఇళ్లకూ చేర్చే క్యాబులకు రూట్లు వేయడం మా పని. ఏ క్యాబు ఎక్కడ ఆగాలి, ఎవరు ఏ పికప్ పాయింట్ దగ్గర నిలబడాలి, వాన పడి రోడ్డు మునిగితే ఎవరిని ఎటు తిప్పాలి, అన్నీ మేమే చూడాలి. మా మేనేజర్ వేరే కంపెనీకి వెళ్లిపోయాక ఆయన పనంతా నా నెత్తిన పడింది. పని పడింది కానీ కుర్చీ రాలేదు. ఒక పికప్ పాయింట్ పేరు మార్చాలన్నా మేనేజర్ అనుమతి ఉండాలి. ఆ అనుమతి కోసం నేను ఇంకో డిపార్ట్‌మెంట్ పెద్దమనిషికి మెయిల్ పెట్టుకుని, ఆయన ఎప్పుడు చూస్తాడా అని కాచుక్కూర్చోవాలి.

"మేడమ్, మీ వర్క్ గురించి ఎవరికీ డౌట్ లేదు" అంది హెచ్ఆర్ అమ్మాయి, నవ్వుతూనే. "కానీ మేనేజర్ గ్రేడ్‌కి డిగ్రీ మస్ట్. ఇయర్ ఎండ్ లోపు సర్టిఫికెట్ తెచ్చుకోండి. లేకపోతే బయటి నుంచి తీసుకోవాల్సి వస్తుంది."

బయటి నుంచి అంటే ఎవడినో తెచ్చి నా పక్కన కూర్చోబెడతారు. పుప్పాలగూడ ఎటు, మణికొండ ఎటు అని వాడికి నేనే నేర్పాలి. నేర్చుకున్నాక వాడు నా సెలవు మంజూరు చేస్తాడు. ఆ ఊహకే నాకు అన్నం సయించలేదు. ఆ కుర్చీ నాది. డిగ్రీ ఒక్కటే అడ్డం.

డిగ్రీ బొత్తిగా లేదని కాదు, రెండు పేపర్లు మిగిలాయి. ఫైనలియర్ పరీక్షలప్పుడు నాకు నెలలు నిండాయి. పరీక్షల మధ్యలోనే నొప్పులొచ్చి, ఆ రెండూ రాయలేకపోయాను. అప్పుడు పుట్టిన పిల్ల ఇప్పుడు తనే డిగ్రీ చదువుతోంది. వచ్చే ఏడు రాద్దాం, ఆ పై ఏడు రాద్దాం అనుకుంటూ వాటిని ఇంత దూరం ఈడ్చుకొచ్చాను. యూనివర్సిటీకి వెళ్లి అడిగితే పాత సిలబస్ ఎప్పుడో ఎత్తేశారట. వాటి బదులు కొత్త సబ్జెక్టుల్లో ఏవైనా రెండు ఎంచుకుని రాయొచ్చు, నాలాంటి పాతవాళ్లకు మాత్రం ఇదే ఆఖరి అవకాశం అన్నారు. ఇది పోతే మళ్లీ మొదటి సంవత్సరం నుంచి మొదలుపెట్టాలి.

ఇక ఇంట్లో పెద్ద పంచాయితీ.

"స్టాటిస్టిక్స్ జోలికి పోకు. నీతోని కాదు" అన్నాడు మా ఆయన, టీవీ మీద నుంచి కళ్లు తిప్పకుండానే.

"థియరీ తీసుకో మమ్మీ. ఏదో ఒకటి రాసేయొచ్చు" అంది కూతురు.

నాతోని కాదట! పొద్దున లేస్తే ఎంతమందిని ఎన్ని బండ్లలో ఎలా సర్దాలో లెక్కలు కట్టేది ఎవరో మరి. అలాగని స్టాటిస్టిక్స్ పుస్తకం తెరిచి చూస్తే ఆ గుర్తులకు నాకే గుండె జారింది. ఆ సంగతి వాళ్లకు చెప్పలేదు. న్యూస్‌పేపరు చదివినట్టే ఉంటుందని అందరూ అన్నారని ఒకటి ప్రభుత్వ పాలన పెట్టాను. రెండోదాని కోసం వెతుకుతుంటే గ్రామీణాభివృద్ధి కనిపించింది. దాన్ని చూడగానే నా ప్రాణం లేచొచ్చింది. ఊరి గురించి నాకొకరు చెప్పాలా? నేను పుట్టి పెరిగింది పుప్పాలగూడలో. మోకాళ్ల లోతు బురదలో మా అమ్మ వెనకాల నాట్లేసినదాన్ని. ఇంతకంటే తేలిక పేపరు నాకు ఈ లోకంలో ఉండదనుకున్నాను. సంతకం పెట్టేసి వచ్చాను.

ఆ పేపరులో పరీక్షతో పాటు ఒక నివేదిక కూడా రాయాలి. ఒక గ్రామాన్ని తీసుకుని అక్కడి నేల, నీరు, పంటలు, జనం బతుకుదెరువు గురించి వివరంగా రాసివ్వాలి. అది ఇవ్వకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. నేను సంబరంగా ఆదివారం పూట మా నాయిన దగ్గరికి పోయాను.

నాయిన నా తమ్ముడి దగ్గర ఉంటాడు, పుప్పాలగూడలోనే, ఒక పెద్ద అపార్ట్‌మెంట్లో. ఒకప్పుడు అక్కడ మా మెట్టపొలం ఉండేది. నేలంతా రాళ్లు కాబట్టి రాళ్ల చెలక అనేవాళ్లం. దాన్ని బిల్డర్‌కు డెవలప్‌మెంట్‌కి ఇచ్చాక మా వాటాగా వచ్చిన ఇల్లే అది. ఆ అపార్ట్‌మెంట్‌కు ఏదో పొడుగాటి ఇంగ్లీషు పేరు పెట్టారు. మా నాయినకు ఆ పేరు ఈనాటికీ నోరు తిరగదు. దవాఖానకు పోవడానికి ఆటోవాడికి ఫోన్ చేసి "రాళ్ల చెలక కాడికి రా బిడ్డా" అంటాడు. వాడు ఫోన్ పెట్టేస్తాడు. ఈయన మళ్లీ చేస్తాడు, వాడు మళ్లీ పెట్టేస్తాడు. చివరికి మా తమ్ముడి భార్య వచ్చి ఫోన్ లాక్కుని ఆ ఇంగ్లీషు పేరు చెబుతుంది.

ఆ రోజు నాయిన బాల్కనీలో నిలబడి కిందికి చూపిస్తూ చెప్పాడు, నేను రాసుకున్నాను.

"గా ఈత కొట్టే తొట్టి ఉన్నది సూడు, గాడ మన బాయి ఉండె. గా పిల్లలు ఆడుకునే కాడ జొన్న ఏసెటోళ్లం. మంచె మీద నిన్నే కూసోబెట్టేది పిట్టలను కొట్టనీకి. యాదికున్నదా?"

"యాదికుంది నాయినా."

"నువ్వు పిట్టలను ఏడ గొడ్తివి! నిద్రపోతుంటివి. సగం పంట అవే తినిపోయినయి."

ఇద్దరం పడి పడి నవ్వాం. చెరువు కింద ఎవరెవరికి మడులుండేవి, ఏ ఏడు కరువొచ్చింది, కూరగాయలు మెహదీపట్నం ఎలా తీసుకెళ్లేవాళ్లు, అన్నీ చెప్పాడు. చివర్లో కాస్త సిగ్గుపడుతూ అడిగాడు.

"గిండ్ల నా పేరు రాస్తవా బిడ్డా?"

"రాస్తా నాయినా. మొదటి పేజీలనే రాస్తా."

"కాలేజోళ్లు సదువుతరా?"

"సదువుతరు."

సంతకం తప్ప చదువు రాని మనిషి. తన సంగతులు కాలేజీవాళ్లు చదువుతారంటే ఆయన మొహం చూడాలి. ఆ డిగ్రీ మొత్తంలో నేను మనసు పెట్టి చేసిన పని అదొక్కటే.

నివేదిక పట్టుకుని యూనివర్సిటీ వాళ్ల స్టడీ సెంటర్‌కు వెళ్లాను. అక్కడ మా పేపరు చూసే సారు గోదావరి వైపు మనిషి. పేజీలన్నీ ఓపిగ్గా తిప్పాడు.

"చాలా బాగా రాశారండి. నిజంగానే బాగుంది. కానీ ఇది చెల్లదండి."

"ఎందుకు సార్?"

"గ్రామాన్ని తీసుకోమన్నారు కదండీ. పుప్పాలగూడ గ్రామం కాదు కదా."

"కాకపోవుడేంది సార్? నేను పుట్టింది ఆడనే. మా నాయిన సర్పంచి ఎలక్షన్లల్ల ఓటేసిండు."

"అప్పుడు అయ్యుండొచ్చండి. ఇప్పుడక్కడ పంచాయతీ లేదు, సేద్యం లేదు. మన లెక్కలో అది నగరమండి. నేనేం చేయను చెప్పండి, రూల్ అది."

"అయితే సబ్జెక్టే మార్చుకుంటా సార్. స్టాటిస్టిక్స్ రాస్తా."

"మార్చుకునే గడువు అయిపోయిందండి."

ఆయన మీద అరవడానికి కూడా లేదు, అంత మర్యాదగా చెప్పాడు. బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాను. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. నా ఊరు ఊరు కాదని చెప్పడానికి వీళ్లెవరు? పోనీ వేరే ఊరు చూసుకుందామంటే నాకు ఊరేదీ? అత్తగారిది నిజాంపేట, అదీ నగరంలో కలిసిపోయింది. చిన్నమ్మది కోకాపేట, మేనత్తది నార్సింగి. వాళ్లవి మా ఊరికంటే ముందే మేడలయ్యాయి. పుట్టినింటివైపూ మెట్టినింటివైపూ వెతికినా, పొలం గట్టు మిగిలిన చుట్టం ఒక్కరు దొరకలేదు. ఊరి ఆడపిల్లనని మురిసిపోయి ఈ పేపరు పెట్టుకున్నాను చూడండి, నా అంత తెలివితక్కువది ఇంకొకతి ఉంటుందా!

నాయినకు చెప్పకుండా దాచాలనుకున్నాను. కానీ ఆయన రోజూ ఫోన్ చేసి "సదివిన్రా బిడ్డా, ఏమన్నరు?" అని అడుగుతుంటే ఎన్నాళ్లు దాచను? వెళ్లి చెప్పేశాను. అగ్గి మీద గుగ్గిలమయ్యాడు.

"ఊరు కాదన్నడా? ఎవడాడు? ఆడ్ని గీడికి తోల్కరా!"

"ఆయన తప్పు కాదు నాయినా. రూల్ గట్ల ఉన్నది."

కొంచెం సేపు గొణిగాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"మరి నేను ఏ ఊరోన్ని?"

ఆయన లేచి లోపలికి పోయి టీవీ పెట్టుకున్నాడు. నేను బాల్కనీలోనే కాసేపు కూర్చుని, చెప్పకుండా వచ్చేశాను.

ఊరి కోసం నేను పడుతున్న తిప్పలు విని మా క్యాబ్ డ్రైవర్లలో ఒకతను వాళ్ల ఊరికి రమ్మన్నాడు. శంకర్‌పల్లి దాటాక చాలా దూరం పోవాలి.

"పంచాయతీ ఉన్నది మేడమ్, పొలాలున్నయి. జర జల్ది రాండ్రి, ఎన్ని రోజులుంటయో ఏమో" అన్నాడు.

అతను నవ్వులాటకే అన్నాడు కానీ వెళ్లి చూస్తే నిజమే. ఊరి మొదట్లోనే ప్లాట్లకు హద్దురాళ్లు పాతి రంగులేసి ఉన్నాయి. పత్తి చేను గట్టు మీద కూర్చున్న ఒక పెద్దామె నా చేతిలోని కాగితాలూ, నా చెప్పులూ చూసి, "ప్లాట్ సూడనీకి వచ్చిన్రా?" అంది.

"కాదమ్మా, చదువు కోసం. ఏ పంట ఏస్తరు, నీళ్లేడికెళ్లి వస్తయి, గిసుంటియి అడుగుతా."

"పత్తి ఏసినం. వచ్చే ఏడు ఏస్తమో లేదో. మీరే కొంటరాయె."

మేము కొనేవాళ్లం కాదమ్మా, అమ్ముకున్నవాళ్లం అని చెబుదామనుకున్నాను. అడగాల్సినవి అడిగి, రాసుకుని, ఆమె ఇచ్చిన మజ్జిగ తాగి వచ్చేశాను. ఆ నివేదికలో ఒక్క వాక్యం కూడా నా మనసులోంచి రాలేదు. సారు మాత్రం చూడగానే "ఇదిగో, ఇలా ఉండాలండి" అన్నాడు. నాకు ఆయన్ని కొట్టాలనిపించింది.

పరీక్షలు రాశాను. రెండు పేపర్లూ పాసయ్యాను. ఎన్ని మార్కులని మాత్రం అడగకండి. సంవత్సరం ముగియకముందే సర్టిఫికెట్ తెచ్చి హెచ్ఆర్ అమ్మాయి టేబుల్ మీద పెట్టాను. కుర్చీ వచ్చింది. మా ఆయన మిఠాయి తెచ్చి, "చూసినవా, తేలిక సబ్జెక్ట్ పెట్టుకోమంటే వినకపోతివి మొదట్ల" అన్నాడు. ఆ మిఠాయి డబ్బా ఆయన మొహాన కొట్టకుండా ఉండటానికి నేను పడ్డ యాతన నాకే తెలుసు.

మేనేజర్‌గా మొదటి రోజే నేనొక పని చేశాను. మా నాయిన ఉండే అపార్ట్‌మెంట్ కూడా మా పికప్ పాయింట్లలో ఒకటి. దాని ఇంగ్లీషు పేరు తీసేసి రాళ్ల చెలక అని పెట్టాను. ఎవరికీ మెయిల్ పెట్టలేదు, ఎవరినీ అడగలేదు. నాయినకు ఫోన్ చేసి, "రేపటి సంది మా కంపెనీ బండ్లు రాళ్ల చెలక కాడనే ఆగుతయి నాయినా" అని చెప్పాను. ఆయన ఆ పేరు నా చేత రెండుసార్లు చెప్పించుకున్నాడు.

మర్నాడు పొద్దున్న డెస్కులో ఫోన్లు మోతెక్కిపోయాయి. రాళ్ల చెలక ఎక్కడ, మ్యాపులో రావట్లేదు, మా పికప్ ఎందుకు మార్చారు, క్యాబు వదిలేసి వెళ్లిపోయింది, నా మీటింగ్ పోయింది. ఒకడైతే ఇదేం పేరు అని నేరుగా మా పెద్ద బాసుకే మెయిల్ పెట్టాడు. ఆ గోలలోనే నాయిన ఫోన్ వచ్చింది. తెల్లారకముందే ఉతికిన ధోతి కట్టుకుని గేటు దగ్గరికి దిగాడట.

"గిదే రాళ్ల చెలక, గీడనే నిలబడుండ్రి అని అందరికి చెప్పిన బిడ్డా. చెవులల్ల అవేవో పెట్టుకున్నరు. నా దిక్కు సూడనే లేదు. ఫోన్ సూసుకుంట ఎటో ఎతుకుతనే పోయిన్రు."

"నువ్వు ఇంట్లకు పో నాయినా. ఎండొస్తది."

"పోతగాని, జర ఇంకొక బండి సూసి పోత."

మధ్యాహ్నం షిఫ్టు మొదలయ్యేలోపు పాత ఇంగ్లీషు పేరే మళ్లీ పెట్టాను. ఆ మార్పుకు మేనేజర్ అనుమతి కావాలి. ఇచ్చింది నేనే.