విభూతితో తోమిన రోమన్ నాణెం

ఎనభైల మొదట్లో, శాంటా క్లారాలో మా నాణేల క్లబ్ అధ్యక్షుడు పదిమంది ముందు నన్నన్న మాట నేనింకా మర్చిపోలేదు. మర్చిపోయే ఉద్దేశమూ లేదు.

ఆ యేడు క్లబ్ ప్రదర్శనలో పెట్టాలని ఒక రోమన్ వెండి నాణెం కొన్నాను. బొటనవేలి గోరంత ఉంది, మాడిపోయినట్టు నల్లగా ఉంది. దాని మీది చక్రవర్తి ఎవరో అమ్మినవాడికే తెలియదు. తెలుసుకుంటే గాని నాకు తోచదు. రెండు రోజులు భూతద్దం పట్టుకుని కూర్చున్నాను.

"వెండేగా అండీ, విభూతి పెట్టి తోమితే పోదూ! పూజ గిన్నెలు నేనెలా క్లీన్ చేస్తున్నాననుకున్నారు?" అంది మా ఆవిడ.

తోమాను. ముందు ముక్కు బయటపడింది. తర్వాత బలిసిన మెడ, తలమీద ఆకుల దండ, అంచు చుట్టూ అక్షరాలు. వెనకవైపు కుర్చీలో కూర్చున్న స్త్రీ, ఆమె చేతిలో ఒక కొమ్మ. అక్షరాలు పట్టుకుని లైబ్రరీలో వెతికితే చక్రవర్తి దొరికాడు. ఆ స్త్రీ శాంతిదేవత అని కొందరు, అతని తల్లి అని కొందరు రాశారు. తల్లినే దేవతగా ముద్రించాడేమోనని ఎంత ఆలోచించానో!

ఒక్కటే అర్థం కాలేదు. చక్రవర్తి చెంప మీద అడ్డంగా ఒక గాటు ఉంది.

క్లబ్ మీటింగులో అధ్యక్షుడు నాణెం చూశాడు. "రెండు వేల ఏళ్ల నలుపు గీకేశావు. చెంప కూడా కోశావు. స్పూన్లు తోముకునేవాడికి నాణేలెందుకు?" అన్నాడు. అందరూ నవ్వారు. ప్రదర్శన జాబితాలో నా పేరు కొట్టేశాడు.

పాత నాణేనికి ఆ నలుపే విలువట. తోమడం తప్పని ఒప్పుకున్నాను. కోశానన్నది మాత్రం ఒప్పుకోలేదు. క్లబ్ కమిటీకి మూడు ఉత్తరాలు రాశాను. మూడోదానికి విసిగిపోయి పిలిచారు.

"గాటు అడుగున చూడండి," అన్నాను. విభూతి అంత లోతుకు వెళ్లలేదు. అక్కడ నలుపు అలాగే ఉంది. నేనే కోసి ఉంటే లోపల తెల్లగా మెరవాలి కదా!

అధ్యక్షుడు చాలాసేపు చూశాడు. "మీ దక్షిణ ఇండియాలో దొరికిన రోమన్ నాణేలకి ఇలాంటి గాట్లుంటాయి," అన్నాడు. క్షమాపణ చెప్పలేదు. నా పేరు మళ్లీ రాశాడు, జాబితాలో అట్టడుగున.

ప్రదర్శనకు వచ్చినవాళ్లు తళతళలాడే చక్రవర్తిని వదిలేసి గాటునే చూశారు. ఆ కాలంలో ఎవరో లోపల కూడా వెండేనా అని కోసి చూశారో, పరాయి రాజు ముఖం తమ దగ్గర చెల్లదని కోశారో, నాకూ తెలియదు.

"ఎవరు కోశారు?" అని అడిగిందొకావిడ.

"మావాళ్లే అయ్యుంటారు," అన్నాను, అధ్యక్షుడికి వినపడేంత గట్టిగా.